ఆక్సైడ్ మీది సిలికాన్ పొరలో మసక ఎలా పోయింది: నా అనుభవం

హైదరాబాదులోని మా ప్రయోగశాలలో సిలికాన్ డయాక్సైడ్ మీద పలుచని సిలికాన్ పొరను సైలేన్ (సిలికాన్, హైడ్రోజన్ కలిసిన) వాయువుతో, తక్కువ పీడనంలో, 620 డిగ్రీల సెల్సియస్ దగ్గర పెంచేవాళ్లం. వేఫరును, అంటే ఆ పొర పెంచిన పలుచని బిళ్లను, తెల్లని దీపం కింద ఏటవాలుగా పట్టుకుంటే, అద్దంలా మెరవవలసిన ఉపరితలం మీద పాలపొగలాంటి మసక కనిపించేది. ఆక్సైడ్‌కు స్ఫటిక క్రమం లేదు కనుక, దానిపై పడే సిలికాన్ పరమాణువులకు అనుసరించడానికి ఏ వరుసా దొరకదు. ఎక్కడికక్కడ స్ఫటిక బీజాలు ఏర్పడి సన్నని రేణువులు నిలువుగా పెరిగి ఉపరితలాన్ని గరుకుగా, మసకగా చేస్తాయి, వాటి సరిహద్దుల్లో జత దొరకని బంధాలు విద్యుత్తును మోసే ఎలక్ట్రాన్ల వంటి వాహకాలను పట్టి ఉంచుతాయి. నా దృష్టిలో ముందుగా సరిదిద్దవలసినవి ఈ సరిహద్దులే.

అందుకని ఉష్ణోగ్రతను 550కి దించి, పొరను మొదట అస్ఫటిక రూపంలోనే, అంటే పరమాణువులకు స్ఫటిక క్రమం లేకుండానే, పెంచాను. సుమారు 580 డిగ్రీల లోపు సిలికాన్ అలాగే నిలుస్తుంది. పెరుగుదల నెమ్మదిస్తుంది గానీ ఆ ఆలస్యం భరించదగినదే. ఆ తరువాత నైట్రోజన్‌లో 600 డిగ్రీల వద్ద మరుసటి రోజు దాకా ఉంచితే, కొద్దిపాటి బీజాల నుంచే పెద్ద రేణువులు విస్తరించాయి, ఉపరితలం నునుపుగానే మిగిలింది. చివరగా హైడ్రోజన్ ప్లాస్మాలో (విద్యుత్తుతో అయనీకరించిన హైడ్రోజన్ వాయువులో) ఉంచాక, సరిహద్దుల్లోని తెగిన బంధాలు చాలావరకు హైడ్రోజన్‌తో జతకట్టాయి. కొద్దిగా ఫాస్ఫరస్ కలిపిన నమూనాలను నాలుగు మొనల ప్రోబుతో కొలిచినప్పుడు నిరోధం స్పష్టంగా తగ్గింది.