టైమ్‌టేబుల్ చూడకుండా రెండేళ్ల ఫీజు కట్టకండి

పోయిన దసరా సెలవులకి మా అన్నయ్య కొడుకు కాలేజీ హాస్టల్ నుంచి ఇంటికొచ్చాడు. ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. పప్పన్నం కలిపిన చెయ్యి కంచంలో ఉండగానే కూర్చున్నచోటే నిద్రపోయాడు. వదిన భుజం తడితే ఉలిక్కిపడి లేచి, "స్టడీ అవర్ మొదలైందా?" అన్నాడు. వాడి బ్యాగులో టైమ్‌టేబుల్ కాగితం ఉంది. అయిదున్నరకి లేపుతారు, ఆరింటికి మొదటి స్టడీ అవర్, చివరిది రాత్రి పదిన్నరకి ముగుస్తుంది. పడుకునేసరికి పదకొండు. ఆ వయసు పిల్లలకి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. వీడికి దొరికేది ఆరున్నర. ఆదివారం గడిలో కూడా వీకెండ్ టెస్ట్ అని రాసి ఉంది.

ఆ కాగితాన్ని అన్నయ్య చూడటం అదే మొదటిసారి. రెండేళ్ల ఫీజు మాత్రం వాడు పదో తరగతిలో ఉండగానే కట్టేశాడు.

నేను దిల్‌సుఖ్‌నగర్, కూకట్‌పల్లి వైపు జూనియర్ కాలేజీల్లో చాలా ఏళ్లు ఫిజిక్స్ చెప్పాను. ఏది మంచి కాలేజీ అన్నది ఇక్కడ ఎత్తను, అది మీరెలాగూ విచారించుకుంటారు. పిల్లలు కుంగిపోయిన ఇళ్లలో నేను మళ్లీ మళ్లీ చూసిన తప్పు ఒక్కటే: చదువు బరువెంతో తెలుసుకోకుండా డబ్బంతా ముందే కట్టేయడం. డబ్బు ఇరుక్కోకపోతే పిల్లల్ని ఎప్పుడైనా తెచ్చేసుకోవచ్చు. కట్టేశాక ఎవరికీ మనసొప్పదు. పిల్లాడు ఫోన్‌లో "నావల్ల కావట్లేదు" అంటే "కొన్నాళ్లు ఓర్చుకో నాన్నా, లక్షలు కట్టాం" అంటారు. ప్రేమ లేక కాదు. కానీ ఆ మాట ఒకసారి విన్న పిల్లలు తర్వాత చెప్పడమే మానేస్తారు.

పదో తరగతి పిల్లలున్న ఇళ్లకి కాలేజీల్లో అడ్మిషన్లు పట్టే పీఆర్వోల ఫోన్లు మళ్లీ మొదలయ్యాయి. "నెలాఖరులోపు కడితే కన్సెషన్" అంటారు. పోతే పోనివ్వండి. కన్సెషన్ కోసం రెండేళ్లది ఒకేసారి కట్టకండి.

మీ పిల్లలకి కావాల్సింది ఏ పరీక్షో ముందు తేల్చుకోండి. రాష్ట్ర ఇంజనీరింగ్ కాలేజీల్లో సీట్ల కోసం రాసే తెలంగాణ ఎప్‌సెట్ ఇంజనీరింగ్ పేపర్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అన్నీ ఇంటర్ సిలబస్‌లోవే. దానికి వేగం కావాలి, పాఠాలు గట్టిగా రావాలి. ఐఐటీల కోసం రాసే జేఈఈ అడ్వాన్స్‌డ్ లోతు వేరు. ఎప్‌సెట్ రాస్తే చాలనుకునే పిల్లని అడ్వాన్స్‌డ్ బ్యాచ్‌లో వేస్తే, వారం వారం తక్కువ మార్కులు చూసుకుని తనకి లెక్కలే రావని నమ్మేస్తుంది. క్లాసులో ముందు బెంచీలో కూర్చునే అమ్మాయిలు ఆగస్టుకల్లా చివరి బెంచీకి వెళ్లిపోవడం నేను చూశాను.

2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ సెంటర్లకి మార్గదర్శకాలిచ్చింది. రోజుకి అయిదు గంటలకి మించి క్లాసులు వద్దని, వారానికో సెలవు ఉండాలని, మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజు వెనక్కివ్వాలని అందులో ఉంది. మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయడం వీలైనంతవరకు మానుకోవాలని 2025 జులైలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కాలేజీ పేరుతో నడిచేది కోచింగే అయినప్పుడు ఈ మాటలు ఎత్తి అడగడానికి మొహమాటపడకండి.

టైమ్‌టేబుల్ కాగితం చేతికివ్వమనండి. గోడ మీదది చూపిస్తే ఫొటో తీసుకోండి. స్టడీ అవర్స్, ఆదివారం టెస్టులు కలిపి వారానికి ఎన్ని గంటలో కూడి చూడండి. డే స్కాలర్ అయితే ప్రయాణం కూడా కలపండి. ఎల్బీనగర్ నుంచి మాదాపూర్ వెళ్లి రావడం కూడా ఆ రోజు బరువే.

పీఆర్వో చెప్పింది లెక్కలోకి తీసుకోకండి. సాయంత్రం గేటు దగ్గర నిలబడి సెకండియర్ పిల్లల్ని అడగండి. ర్యాంకులొచ్చినవాళ్లని కాదు, మామూలు సెక్షన్ వాళ్లని. రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నారని అడగండి. టెస్టులో మార్కులు తగ్గితే ఏం చేస్తారని అడగండి.

ఇంటర్ బోర్డు గుర్తింపు ఆ క్యాంపస్‌కే ఉందో లేదో చూడండి. బ్రాంచికో కథ ఉంటుంది.

మానేస్తే ఎంత వెనక్కిస్తారో రాయించుకోండి. నోటిమాట వద్దు. ఒరిజినల్ మెమో, టీసీ ఇచ్చేటప్పుడు రసీదు తీసుకోండి. ఫీజు వాయిదాల్లోనే కట్టండి. మళ్లీ చెప్తున్నాను, వాయిదాల్లోనే. చిట్టీ ఎత్తి, బంగారం పెట్టి మొత్తం ఒకేసారి కట్టకండి.

చేరిన మొదటి నెలా ప్రతి వారం వెళ్లి చూడండి. ఫోన్‌లో మార్కులు అడగకండి, నిద్ర అడగండి, ఏం తిన్నారో అడగండి. "ఇంటికొచ్చేస్తా" అన్న మాట రెండోసారి వినపడితే మర్నాడే బయల్దేరండి. పిల్లలు మీతో చెప్పలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయించండి, తెలుగులోనే మాట్లాడతారు.

మావాణ్ణి డిసెంబర్‌లో ఇంటికి దగ్గర కాలేజీకి మార్చారు. కట్టిన ఫీజులో ఒక్క రూపాయి రాలేదు. రెండు నెలల ముందే తేవాల్సిందని వదిన ఇప్పటికీ అంటుంది. ఆ రెండు నెలలు ఆపింది ఆ డబ్బే.