ఏజెంటుగా కూర్చుంటే 17సి చేతికి రానిదే లేవొద్దు

ఆదోని మార్కెట్ యార్డులో లెక్కలు రాసే గుమాస్తాను నేను. పత్తి తెచ్చిన రైతు తూకం చీటీ చేతిలో పడనిదే గేటు దాటడు. అది రోజూ చూసే నేనే, మొదటిసారి పోలింగ్ ఏజెంటుగా కూర్చున్నప్పుడు ఉత్తచేతులతో ఇంటికొచ్చాను. చీకటి పడింది, కడుపులో ఆకలి, అక్కడ సామాన్లు సర్దేస్తున్నారు. "కాపీ తర్వాత ఇస్తాంలే" అన్నారు, సరేనన్నాను. లెక్కింపు రోజు మావాళ్లు మన బూత్‌లో మొత్తం ఎన్ని పడ్డాయని అడిగితే నీళ్లు నమిలాను. బూత్‌లో మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయో రాసిచ్చే ఆ కాపీ పేరు ఫారం 17సి. మీరు ఏ పార్టీ తరఫున కూర్చున్నా ఇది పనికొస్తుంది.

మిమ్మల్ని ఏజెంటుగా పెడుతూ ఇచ్చే ఫారం 10 ముందురోజే జేబులో పెట్టుకోండి. పోలింగ్ ఏడింటికైతే ఐదున్నరకల్లా బూత్‌లో ఉండాలి. యంత్రం సరిగ్గా పనిచేస్తోందో చూసే ఉత్తుత్తి ఓటింగ్, అంటే మాక్ పోల్, గంటన్నర ముందే పెడతారు. చాలామంది నిద్ర చాలక దీన్నే ఎగ్గొడతారు, నన్నడిగితే రోజు మొత్తంలో చూడాల్సింది ఇదే. కనీసం 50 ఓట్లు వేయాలి, నోటాతో సహా అన్ని గుర్తులకూ. ఏ గుర్తుకు ఎన్ని పడ్డాయో తెల్లకాగితం మీద గీతలు గీసుకోండి. రిజల్ట్ నొక్కినప్పుడు ఆ అంకెలు మీ గీతలతోనూ, వీవీప్యాట్ చీటీలతోనూ (ఓటు ఏ గుర్తుకు పడిందో యంత్రం అచ్చు వేసే చీటీలు) సరిపోవాలి. తర్వాత క్లియర్ నొక్కితే టోటల్ సున్నా రావాలి. మాక్ చీటీలన్నీ పెట్టెలోంచి తీసి నల్లకవరులో వేసి సీలు చేసేదాకా కన్ను తిప్పకండి. 2019లో సుప్రీంకోర్టు చెప్పినప్పటి నుంచి అసెంబ్లీ సెగ్మెంటుకు 5 బూత్‌ల వీవీప్యాట్ చీటీలు లెక్కిస్తున్నారు. మీ బూత్ అందులో ఉండి, మాక్ చీటీలు పెట్టెలోనే మిగిలిపోయి ఉంటే లెక్క తేడా వస్తుంది, ఊరంతా పుకార్లు లేస్తాయి.

మన ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలు ఒకే రోజు కాబట్టి రెండు సెట్ల యంత్రాలుంటాయి. రెండు కంట్రోల్ యూనిట్ల (అధికారుల దగ్గరుండే, ఓట్లు నమోదయ్యే పెట్టెలు) నంబర్లూ రాసుకోండి. ఫోను లోపలికి రానివ్వరు, కాగితం, పెన్ను చాలు.

పగలంతా పెద్దగా పనుండదు, ఉక్కపోత తప్ప. వచ్చిన మనిషి అసలు ఓటరేనా అని అనుమానమొస్తే కేకలు వేయకండి. బూత్ బాధ్యత చూసే ప్రిసైడింగ్ అధికారికి 2 రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పవచ్చు. (ఆ డబ్బుకు ఇప్పుడు టీ కూడా రాదు, రూల్ మాత్రం అలాగే ఉంది.) ఒకసారి ఒక పెద్దావిడ వచ్చేసరికే ఆమె ఓటు ఎవరో వేసేశారు. ఏం చేయాలో తోచక వెనక్కి తిరిగింది. "అమ్మా, ఆగు" అని పిలిచి అధికారి దగ్గరికి పంపాను. ఆయన వివరాలు అడిగి, ఆమేనని తేలాక టెండర్ ఓటు ఇచ్చారు. అది యంత్రంలో పడదు, కాగితం మీద వేసి విడిగా కవరులో పెడతారు. అలాంటివి ఎన్నో కూడా 17సిలో రాస్తారు.

సాయంత్రం ఆఖరి ఓటరు వెళ్లాక క్లోజ్ నొక్కుతారు. అప్పుడు టోటల్ చూడండి. ఓటర్లు సంతకం పెట్టే 17ఏ రిజిస్టర్లో ఆఖరి వరస నంబరు ఎంతో అడగండి. సంతకం పెట్టి ఓటు వేయకుండా వెళ్లినవాళ్లకు 17సిలో వేరే గడి ఉంది, వాళ్లను తీసేస్తే టోటల్‌తో సరిపోవాలి. సరిపోకపోతే అక్కడే అడగాలి. పోలింగ్ ముగిసేటప్పటికి బూత్‌లో ఉన్న ప్రతి ఏజెంటుకూ రసీదు సంతకం తీసుకుని కాపీ ఇవ్వాలని నిబంధన. కాపీ చేతికి రాకముందే సంతకం పెట్టకండి. రెండోసారి కూర్చున్నప్పుడు ఆ అధికారి "మీరింకా వెళ్లలేదా?" అన్నారు. "రెండు కాపీలిస్తే వెళ్తాను సార్" అన్నాను. పాపం ఆయనా పొద్దున్నుంచి నిలబడే ఉన్నారు, విసుక్కుంటూనే రాసిచ్చారు.

ఆ కాపీలు రాత్రికే మీ అభ్యర్థి మనిషికి అందించండి, జిరాక్స్ మీ దగ్గర ఉంచుకోండి. లెక్కింపు టేబుల్ మీదికి మీ బూత్ యంత్రం రాగానే మీవాళ్లు ముందు నంబరు, సీలు చూడాలి, ఆ తర్వాత మొత్తం ఓట్లు. తేడా ఉంటే తర్వాతి రౌండు మొదలుకాకముందే రిటర్నింగ్ అధికారికి రాసివ్వాలి, కాపీ జతచేసి.