ఎడారిలో ఒక రాత్రి: బయల్దేరే ముందే చూసుకోవాల్సినవి

ఎడారి క్యాంపింగ్‌కి బయల్దేరేవాళ్ల బ్యాగు తెరిస్తే పైనే టోపీ, చలువ కళ్లజోడు, సన్‌స్క్రీన్, రెండు పల్చటి టీషర్టులు కనిపిస్తాయి. అడుగుదాకా వెతికినా ఓ స్వెట్టర్ దొరకదు. ఎండ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు, అందరికీ భయమే. రాత్రి సంగతే ఎవరికీ తట్టదు. తెల్లవారుజామున మూడింటికి, ఉన్న బట్టలన్నీ ఒకదాని మీద ఒకటి తొడుక్కుని, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నప్పుడు తడుతుంది. అప్పుడు తట్టి లాభం లేదు. కొనుక్కోడానికి కొట్టు ఉండదు, ఫోన్‌లో సిగ్నల్ ఉండదు, పైగా దేశం కొత్త. అందుకే కింద చెప్పేవాటిలో చాలా మటుకు హోటల్ గదిలో ఉండగానే తేల్చుకోవాలి.

ముందు చలి. ఎడారి గాలిలో తేమ ఉండదు, పైన మబ్బు ఉండదు. పగలంతా కాగిన ఇసుక పొద్దు గుంకగానే ఆ వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది, ఆపేది ఏదీ లేదు. పగటికీ రాత్రికీ 20 డిగ్రీల తేడా మామూలు విషయం. చలికాలంలో సహారాలోనూ, జోర్డాన్‌లోని వాదీ రమ్‌లోనూ రాత్రి ఉష్ణోగ్రత సున్నా దాకా దిగిపోతుంది. చిలీలో అటకామా ఎడారి చూడ్డానికి వెళ్లేవాళ్లు దిగే సాన్ పెడ్రో ఊరే 2,400 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ ఎడారి చలికి కొండ చలి తోడు. కాబట్టి మందపాటి జాకెట్ ఒక్కటే తీసుకెళ్లడం కన్నా పల్చటివి మూడు పొరలు మేలు: ఒంటికి అతుక్కుని ఉండేది ఒకటి, ఉన్ని లేదా ఫ్లీస్ ఒకటి, గాలి ఆపేది ఒకటి. పగలు చెమటకి తడిసిన కాటన్ చొక్కాతో పడుకోవద్దు, ఆ తడే చలిని రెట్టింపు చేస్తుంది. మేజోళ్లు, చెవులు కప్పే టోపీ మర్చిపోవద్దు. ఇంకోటి, కప్పుకునే దుప్పటి మీద పెట్టే శ్రద్ధ కింద పరుచుకునేదాని మీద కూడా పెట్టాలి. ఒంట్లో వేడిని నేల లాగేస్తుంది. క్యాంపు వాళ్లు స్లీపింగ్ బ్యాగ్ ఇస్తామంటే అది ఎన్ని డిగ్రీల దాకా పనికొస్తుందో అడగండి.

ఎప్పుడు వెళ్లాలన్నది కూడా ఇందులో భాగమే. సహారాకీ, అరేబియా ఎడారులకీ అక్టోబరు చివరి నుంచి మార్చి దాకా అనుకూలం. నమీబియా దక్షిణార్ధగోళంలో ఉంది కాబట్టి అక్కడ మే నుంచి సెప్టెంబరు. మండువేసవిలో సగం ధరకే టూర్ అంటే ఆశపడొద్దు. అమెరికాలోని డెత్ వ్యాలీలో 1913 జూలై 10న 56.7 డిగ్రీలు నమోదైంది, ప్రపంచ రికార్డుగా ఇప్పటికీ దాన్నే చెబుతారు. వేసవిలో అలాంటి చోట్ల రాత్రి కూడా వేడి తగ్గదు, నిద్ర పట్టదు, మర్నాటికి ఒళ్లు కోలుకోదు.

ఎవరితో వెళ్తున్నారు, ఎక్కడికి వెళ్తున్నారు

మొదటిసారి, పరాయి దేశం, అద్దె కారు, మ్యాప్‌లో దొరికిన ఏదో దిబ్బ దగ్గర సొంతంగా టెంట్. ఈ నాలుగూ కలిస్తే వద్దనే చెబుతాను. ఇసుకలో బండి నడపడం వేరే విద్య. టైర్లలో గాలి ఎంత తగ్గించాలో తెలియాలి, మళ్లీ తారు రోడ్డు ఎక్కేముందు నింపుకోడానికి పంపు ఉండాలి, దిబ్బని అడ్డంగా దాటబోతే బండి పక్కకి పల్టీ కొడుతుందని తెలియాలి. ఇవేవీ రానప్పుడు స్థానిక గైడ్‌తో వెళ్లడమే తెలివైన పని.

టూర్ బుక్ చేసుకునేటప్పుడు ఫొటోలు, రేటింగులు చూడ్డంతో సరిపెట్టకుండా నాలుగు ప్రశ్నలు అడగండి. ఎన్ని బళ్లు వెళ్తున్నాయి? ఒకటి ఇసుకలో కూరుకుపోతే లాగడానికి రెండోది ఉండాలి కదా. సీటుబెల్టులు ఉన్నాయా? సిగ్నల్ లేని చోట ఎవరినైనా పిలవాలంటే రేడియోనో శాటిలైట్ ఫోనో ఉందా? రాత్రి గైడ్ మనతోనే పడుకుంటాడా, లేక భోజనం పెట్టి ఊరికి వెళ్లిపోయి పొద్దున్నే వస్తాడా? ఈ చివరి ప్రశ్న చాలామంది అడగరు. అన్నింటికీ నవ్వుతూ ‘నో ప్రాబ్లం’ అనే మాటే జవాబుగా వస్తుంటే వేరే వాళ్లని చూసుకోండి.

అనుమతుల్ని ఏదో కాగితాల తంతులా తీసిపారేయొద్దు. 2015 సెప్టెంబరులో ఈజిప్టు పశ్చిమ ఎడారిలో వెళ్తున్న పర్యాటకుల బళ్లని ఉగ్రవాదులవనుకుని భద్రతా దళాలు కాల్చేశాయి. 12 మంది పోయారు, అందులో 8 మంది మెక్సికో వాళ్లు. ఆ దారిలో వెళ్లడానికి అనుమతి ఉందా లేదా అన్న వాదన తర్వాత నడిచింది, పోయినవాళ్లకి దానితో పనేముంది. అదే దేశంలో ఎల్ అలమీన్ చుట్టుపక్కల రెండో ప్రపంచ యుద్ధం నాటి మందుపాతరలు మిగిలే ఉన్నాయి. పశ్చిమ సహారాలో కూడా మందుపాతరలున్న ప్రాంతాలున్నాయి. కాబట్టి బండి జాడలు ఉన్న దారి వదిలి ఫొటో కోసం పక్కకి వెళ్లే సరదా అన్ని చోట్లా పనికిరాదు. డ్రోన్ తీసుకెళ్దామనుకుంటే ముందు కనుక్కోండి, మొరాకోలోనూ ఈజిప్టులోనూ అనుమతి లేకుండా తెచ్చుకోనివ్వరు. సొంత శాటిలైట్ ఫోన్‌కి కూడా కొన్ని దేశాల్లో అనుమతి కావాలి. చెక్‌పోస్టుల్లో చూపించడానికి పాస్‌పోర్ట్ దగ్గరుండాలి.

ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకుంటాం. వర్తించనివి ఏంటో రాసిన పేజీ ఒక్కసారి చదవండి. ఇసుక దిబ్బల మీద జీపు తిప్పడం, క్వాడ్ బైకులు (నాలుగు చక్రాల బైకులు) తరచూ ఆ జాబితాలో ఉంటాయి.

ఇక వెళ్లే ముందు ఒక మనిషికి మెసేజ్ పెట్టాలి. ‘ఎడారికి వెళ్తున్నా, రేపు వస్తా’ అంటే చాలదు. క్యాంపు పేరు, మ్యాప్‌లో పిన్, టూర్ వాళ్ల నంబరు దేశం కోడ్‌తో సహా, ‘రేపు మధ్యాహ్నం 12 లోపు నా నుంచి మెసేజ్ రాకపోతే ఈ నంబరుకి ఫోన్ చెయ్యి’ అన్న మాట. ఆ 12 ఏ దేశం టైమో కూడా రాయండి, లేకపోతే అవతలివాళ్లు మూడు గంటల ముందే టెన్షన్ పడతారు, లేదా మూడు గంటలు ఆలస్యంగా. మ్యాప్ ఆఫ్‌లైన్‌లో దింపుకోండి. ఆ దేశపు అత్యవసర నంబరు ఫోన్‌లోనే కాకుండా కాగితం మీద కూడా ఉండనివ్వండి. ఐఫోన్ 14 నుంచి శాటిలైట్ ద్వారా సాయం అడిగే సదుపాయం ఉంది కానీ అన్ని దేశాల్లో పనిచేయదు.

వాన

ఎడారిలో వాన గురించి చెబితే నవ్వొస్తుంది. 1997 ఆగస్టు 12న అమెరికాలోని ఆరిజోనాలో యాంటిలోప్ కాన్యన్ అనే ఇరుకు లోయలోకి దిగిన పర్యాటకుల్లో 11 మంది వరదలో కొట్టుకుపోయారు. వాళ్లున్న చోట చెప్పుకోదగ్గ వాన లేదు. కొన్ని మైళ్ల ఎగువన కురిసిన వాన అది. 2018 నవంబరులో జోర్డాన్‌లోని పెట్రా అనే ప్రాచీన నగరంలో కూడా ఇలాగే వరద వస్తే వేలమంది పర్యాటకుల్ని హడావుడిగా ఖాళీ చేయించాల్సి వచ్చింది. ఎండకి గట్టిపడిన నేల నీటిని పీల్చుకోదు, ఆపడానికి చెట్టూ చేమా ఉండవు. పడిన నీరంతా దారి వెతుక్కుని పాత వాగులోకే వస్తుంది.

చిక్కేంటంటే, టెంట్ వేసుకోడానికి అన్నిటికన్నా బాగా కనిపించేది ఆ వాగే. చదునుగా ఉంటుంది, ముళ్లు ఉండవు, గట్లు గాలిని ఆపుతాయి. అందుకని టెంట్ దించేముందు కాస్త వంగి చూడండి. గులకరాళ్లు గుండ్రంగా, నున్నగా ఉన్నాయా? అంటే వాటిని నీళ్లు దొర్లించాయి. మట్టి పెంకుల్లా పగిలి అంచులు పైకి లేచి ఉందా? పొదల కొమ్మల్లో మోకాలి ఎత్తున ఎండు పుల్లలు, గడ్డి చిక్కుకుని ఉన్నాయా? వరద ఆ ఎత్తున వచ్చి వెళ్లిందన్నమాట. అరబ్ దేశాల్లో పేరుకి ముందు ‘వాదీ’ అని ఉంటే అది లోయో, ఎండిన వాగో. పేరులో ఉన్నంత మాత్రాన భయపడక్కర్లేదు, కాకపోతే ఎత్తైన చోట పడుకోవాలి. వాతావరణ సూచన మనం ఉండే చోటుకే కాకుండా ఎగువన ఉన్న కొండలకి కూడా చూడాలి. అర అడుగు లోతు పారే నీరు పెద్ద మనిషిని పడేస్తుంది, అడుగు లోతు చిన్న కారుని తేలుస్తుంది. పారుతున్న వాగులోకి డ్రైవరు బండి దించబోతే దిగిపోతానని చెప్పండి. మొహమాటం వద్దు.

నీళ్లు

మనిషికి రోజుకి 4 లీటర్లు కనీసం. ఒక రాత్రికే కదా అని సగం చేయొద్దు, ఇంకో రోజు ఇరుక్కుంటే సరిపోయేంత అదనంగా పెట్టుకోండి. అన్నీ ఒకే క్యాన్‌లో వద్దు, ఒక్క చిల్లు చాలు. దాహం వేసేదాకా ఆగకుండా కొంచెం కొంచెంగా తాగుతూ ఉండాలి. నీళ్లు పొదుపు చేద్దామని తాగకుండా ఉంటే సీసాలో నీళ్లుంటాయి గానీ మనిషి ఉండడు. అలాగని గంటల తరబడి ఉత్త నీళ్లే కడుపునిండా పట్టించడం కూడా తప్పు, ఒంట్లో సోడియం పడిపోతుంది. నాలుగు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు జేబులో పడేసుకోండి. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తుంటే నీళ్లు చాలట్లేదని లెక్క. మనిషి తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడుతున్నాడంటే వడదెబ్బ ముదిరింది. నీడకి చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి విసురుతూ ఉండాలి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు. బీపీకో, షుగర్‌కో మందులు వాడేవాళ్లు డాక్టర్ని ముందే అడగడం మంచిది. కొన్ని మందులు ఒంట్లో నీటిని తగ్గిస్తాయి, ఇన్సులిన్ వేడికి పాడవుతుంది.

చీకటి పడ్డాక

ఇసుకలో మామూలు మేకులు నిలవవు. ఒక సంచీలో ఇసుక నింపి, దానికి టెంట్ తాడు కట్టి మోచేతి లోతు గోతిలో పూడ్చండి, అది పట్టి ఉంచుతుంది. టెంట్ గుమ్మం గాలికి ఎదురుగా పెట్టొద్దు. జిప్ ఎప్పుడూ మూసే ఉండాలి.

చలికి తట్టుకోలేక నిప్పుల కుంపటో, వంట స్టవ్వో టెంట్ లోపల పెట్టుకుంటారు కొందరు. ఆ పొరపాటు మాత్రం చేయొద్దు. నిప్పు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి రంగూ లేదు, వాసనా లేదు. నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే పోతారు.

బూట్లు టెంట్ బయట విడవొద్దు. తేళ్లు దూరతాయి, నక్కలు లాక్కుపోతాయి. పొద్దున్నే తొడుక్కునేముందు తిరగేసి దులపండి. అతినీలలోహిత కాంతి వేసే చిన్న టార్చి ఒకటి దొరుకుతుంది, దాని వెలుగులో తేళ్లు ఆకుపచ్చగా మెరుస్తాయి. పడుకునేముందు చుట్టూ ఒకసారి వేసి చూస్తే పిల్లలకి సరదా, పెద్దలకి ధైర్యం. ఉత్తర ఆఫ్రికా ఇసుకలో కొమ్ముల రక్తపింజరి లాంటి పాము కళ్లు మాత్రం పైకి పెట్టి ఒళ్లంతా ఇసుకలో పూడ్చుకుని ఉంటుంది, కాబట్టి చెప్పుల్లేకుండా తిరగొద్దు. కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, బిగించి కట్టడం ఏదీ చేయకుండా, ఆ చెయ్యో కాలో కదలకుండా ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

తేలు, పాము సంగతి అందరూ అడుగుతారు. రాత్రి ఒంటికి లేచినప్పటి సంగతి ఎవరూ అడగరు. మంచి నిద్రలోంచి లేస్తారు, ఎవరికీ కనపడకూడదని ఒక దిబ్బ దాటి అవతలికి వెళ్తారు. వెనక్కి తిరిగితే అన్ని దిబ్బలూ ఒకేలా ఉంటాయి, క్యాంపు దీపం కనిపించదు, గాలికి అడుగుల గుర్తులు పూడిపోతుంటాయి. ఇలా ఇరవై అడుగుల దూరంలోనే దారి తప్పొచ్చు. దీనికి మందు తేలికే. టెంట్ పైన ఒక దీపం వెలుగుతూ వేలాడదీయండి. తలకి హెడ్‌ల్యాంప్ పెట్టుకుని, పక్కవాళ్లని ఒకసారి లేపి చెప్పి, అడుగులు లెక్కపెట్టుకుంటూ తిన్నగా వెళ్లండి. మెళ్లో ఒక ఈల ఉంచుకోండి. దారి తప్పామని అనుమానం వస్తే అక్కడే కూర్చుని మూడు సార్లు ఊదడం, కాసేపాగి మళ్లీ మూడు సార్లు. ఫోన్ స్లీపింగ్ బ్యాగ్‌లోనే పెట్టుకోండి, చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది.

చిన్నచిన్నవి మరికొన్ని. కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్లు కళ్లజోడు తెచ్చుకోవాలి. ఒంటె ఎక్కితే అది లేచేటప్పుడూ కూర్చునేటప్పుడూ కూడా మనం వెనక్కే వాలాలి, రెండుసార్లూ ముందుకే విసురుతుంది. కాచని ఒంటె పాలు తాగొద్దు. ఇసుక తుఫాను వస్తే ముక్కూ నోరూ గుడ్డతో కప్పుకుని గాలికి వీపు పెట్టి కూర్చోవాలి. అప్పటికి రోడ్డు మీద బండిలో ఉంటే పూర్తిగా పక్కకి దించి, లైట్లు ఆర్పి, బ్రేకు మీద నుంచి కాలు తీసేయాలి. వెలుగుతున్న వెనక లైటుని చూసి అదే దారి అనుకుని వెనకొచ్చేవాళ్లు గుద్దుతారు.

బండి చెడిపోతే దాన్ని వదిలి నడవొద్దు. నీడ అదే, నీళ్లు అందులోనే, పైనుంచి వెతికేవాళ్లకి మనిషి కన్నా ముందు బండే కనిపిస్తుంది.

తిరిగొచ్చి సిగ్నల్ అందగానే సూర్యోదయం ఫొటోలు పెట్టే ముందు ఆ మనిషికి మెసేజ్ పెట్టండి. 12 దాటిందంటే అక్కడ ఫోన్లు మొదలవుతాయి.