సైన్ లాంగ్వేజ్ ఎలా నేర్చుకోవాలి? చేతులతో ఆగిపోయేవాళ్ల కోసం

సరదాగా సైన్ లాంగ్వేజ్ నేర్చుకుందామనుకునేవాళ్లు చాలామంది ఏబీసీడీలు, థాంక్యూ, ఐ లవ్ యూ దగ్గర ఆగిపోతారు. తప్పు వాళ్లది కాదు, మొదలుపెట్టే వరస తప్పు. దీన్ని భాషలా కాకుండా చేతి విన్యాసంలా నేర్పేవాళ్లు ఎక్కువైపోయారు. నేను చెప్పే వరసలో వెళ్లండి.

1. ఏ సైన్ లాంగ్వేజో ముందు తేల్చుకోండి

ప్రపంచమంతటికీ ఒకే సైన్ లాంగ్వేజ్ లేదు. అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ మాట్లాడేది ఇంగ్లీషే, కానీ అక్కడి బధిరుల భాషలు ఒకరివి ఒకరికి అర్థం కావు. 1817లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో బధిరుల బడి పెట్టినప్పుడు అందులో పాఠాలు చెప్పడానికి లారెంట్ క్లర్క్ అనే బధిర ఉపాధ్యాయుడు ఫ్రాన్స్ నుంచి వచ్చాడు, అందుకే అమెరికన్ సైన్ లాంగ్వేజ్‌కి చుట్టరికం ఫ్రెంచి సైన్ లాంగ్వేజ్‌తో. అక్షరాలు కూడా అమెరికన్‌లో ఒక చేత్తో, బ్రిటిష్‌లో రెండు చేతులతో చూపిస్తారు.

వీడియోలు బోలెడు దొరుకుతున్నాయని అమెరికన్ నేర్చేసుకుని, తర్వాత ఇండియన్ సైన్ లాంగ్వేజ్ వాడేవాళ్ల ముందు నిలబడితే లాభం లేదు. ఎవరితో మాట్లాడబోతున్నారో వాళ్ల భాషే నేర్చుకోండి. ఇండియన్ సైన్ లాంగ్వేజ్ అయితే, 2015లో ఢిల్లీలో పెట్టిన ఇండియన్ సైన్ లాంగ్వేజ్ రీసెర్చ్ అండ్ ట్రైనింగ్ సెంటర్ వాళ్ల వీడియో నిఘంటువు ఉంది, 2021 నాటికే అందులో 10,000 మాటలు చేరాయి.

2. కావాల్సినవి

వీడియో తీసే ఫోను, ముఖం మీద పడే వెలుతురు, మీ చర్మం రంగుకి భిన్నంగా కనిపించే సాదా చొక్కా. ఉంగరాలు తీసేయండి. అంతే.

3. బధిర టీచర్ని వెతుక్కోండి

ఇందులో బేరం లేదు. వినగలిగినవాళ్లలో మంచి టీచర్లు లేరని కాదు, కానీ వాళ్లలో చాలామంది నోటితో మాట్లాడుతూ చేతులు కదుపుతారు, దాంతో నోటి భాష వరసే చేతుల్లోకి వచ్చేస్తుంది. బధిర టీచర్ ముందు మీకు చెవి ఆసరా ఉండదు, కళ్లే పనిచేయాలి. మొదటి వారం తల వాచిపోతుంది, పోనీండి.

దీనికి ఇంకో కారణం కూడా ఉంది. 1880లో ఇటలీలోని మిలాన్‌లో ఉపాధ్యాయులు సభ పెట్టుకుని, బధిర పిల్లలకి నోటి మాటతోనే చదువు చెప్పాలని తీర్మానించారు. ఓటేసినవాళ్లు దాదాపు అందరూ వినగలిగినవాళ్లే. ఆ దెబ్బకి ఎన్నో దేశాల్లో బడుల్లోంచి సైన్ లాంగ్వేజ్‌నీ, బధిర ఉపాధ్యాయులనీ పంపేశారు. ఆ తీర్మానాలు చెల్లవని అదే వరసలో జరిగిన మరో సభ చెప్పడానికి 2010 దాకా పట్టింది. ఇప్పుడు మనం సరదాకి నేర్చుకుంటూ కూడా బధిర టీచర్లని పక్కనపెడతామంటే ఎలా?

యాప్‌లంటారా, మాటలు గుర్తుపెట్టుకోవడానికి పనికొస్తాయి. సంభాషణ రాదు.

4. మొదట మాటలు, అక్షరాలు తర్వాత

అమ్మ, నీళ్లు, తిను, రా, ఎక్కడ, నిన్న, రేపు. ఇలా రోజూ అవసరమయ్యేవి ఓ వంద పట్టండి. ప్రతి సైన్‌లోనూ చెయ్యి ఏ ఆకారంలో ఉంది, ఒంటి మీద ఎక్కడ మొదలైంది, ఎటు కదిలింది, అరచెయ్యి ఎటు చూస్తోంది అని నాలుగూ గమనించండి. ఆకారం, చోటు, కదలిక అనే మొదటి మూడింటినీ విడదీసి, ఇదీ పూర్తి భాషేనని 1960లో చూపించినవాడు విలియం స్టోకీ అనే అమెరికన్ ప్రొఫెసర్. వీటిలో ఒక్కటి మారినా వేరే మాట అయిపోవచ్చు. మీది ఏ చేతి వాటమో ఆ చెయ్యే ముందుండాలి, మధ్యలో మార్చకండి. ఎడమచేతి వాటమైతే ఎడమచెయ్యే, మొహమాటం అక్కర్లేదు.

5. ముఖం (అందరూ పాడుచేసేది ఇక్కడే)

ఇక్కడ నెమ్మదిగా చదవండి.

ముందు మీ కళ్లు ఎక్కడున్నాయో చూసుకోండి. కొత్తవాళ్లు ఎదుటివాళ్ల చేతుల్నే చూస్తారు. చూడాల్సింది ముఖాన్ని. ముఖం మీద చూపు నిలిపితే చేతులు వాటంతట అవే కంటికి ఆనుతాయి, కానీ చేతుల మీద చూపు నిలిపితే ముఖం జారిపోతుంది, ముఖంతో పాటే సగం వ్యాకరణం పోతుంది. ఎదుటివాళ్లు చెబుతుండగా పక్కకి చూశారంటే, వినడం మానేశానని చెప్పినట్టే.

ఇక కనుబొమ్మలు. తెలుగులో "వచ్చాడు"ని ప్రశ్న చేయాలంటే చివర దీర్ఘం తీస్తే చాలు, "వచ్చాడా". అమెరికన్, బ్రిటిష్ సైన్ లాంగ్వేజ్‌లలో ఆ దీర్ఘం పని కనుబొమ్మలు చేస్తాయి. అవునా కాదా అని అడిగేటప్పుడు పైకి లేస్తాయి, ఎవరు, ఎక్కడ, ఎందుకు అని అడిగేటప్పుడు ముడిపడతాయి. చేతులు ఎంత చక్కగా కదిపినా కనుబొమ్మలు కదలకపోతే మీరు అడిగిన ప్రశ్న మామూలు వాక్యంగా వెళ్లిపోతుంది, అవతలివాళ్లు సరే అన్నట్టు తలూపి ఊరుకుంటారు, మీరేమో జవాబు కోసం నిలబడి ఉంటారు. అన్నట్టు, ఏ ప్రశ్నకి కనుబొమ్మలూ తలా ఎలా ఉండాలన్నది భాషని బట్టి మారుతుంది. అమెరికన్ పద్ధతిని తెచ్చి ఇండియన్‌కి అతికించకండి, మీ టీచర్ ముఖం చూసే పట్టుకోండి.

ఎంతసేపు పట్టి ఉంచాలన్నది ఇంకా పెద్ద చిక్కు. చేతులతో అంతా చెప్పేసి, చివర్లో గుర్తొచ్చి కనుబొమ్మలు ఎగరేస్తారు. అలా కాదు. అవునా కాదా ప్రశ్నలో అవి వాక్యంతో పాటే లేచి, వాక్యం అయ్యేదాకా పైనే ఉండాలి. తల అడ్డంగా ఊపడం కూడా అంతే. అమెరికన్‌లో "లేదు" అనే సైన్ లేకుండా తల ఊపుతూ చెప్పినా వాక్యం వ్యతిరేకార్థంలోకి మారిపోతుంది, కాబట్టి అలవాటుకొద్దీ తల ఊపేవాళ్లు జాగ్రత్త.

నోటికీ పనుంది. అదే అమెరికన్‌లో బండి నడిపే సైన్ చేస్తూ పళ్ల మధ్య నాలుక కొంచెం బయటపెడితే నిర్లక్ష్యంగా నడిపాడని అర్థం, పెదాలు కలిపి కాస్త ముందుకి పెడితే తాపీగా నడిపాడని. చేతుల్లో తేడా ఏమీ ఉండదు. ఇది చదివి నాటకాల్లోలా ముఖం తిప్పకండి, అదీ తప్పే. బిడియంతో అన్నింటికీ నవ్వేవాళ్లది ఇంకో సమస్య, చావు కబురు కూడా నవ్వుతూనే చెప్పేస్తారు.

సాధన ఇలా చేయండి, వేరేలా వద్దు. బధిరుల వీడియో పెట్టి, తెరమీద చేతులు కనబడకుండా కాగితం అడ్డం పెట్టి, ముఖం ఒక్కటీ చూస్తూ ఇది ప్రశ్నా, కాదనడమా, మామూలు వాక్యమా చెప్పండి. తర్వాత మీ చేతులు ఒళ్లో పెట్టుకుని ముఖంతోనే ఆ వాక్యం చేయండి. మూడోసారి మాత్రమే చేతులు ఎత్తండి. వీడియో తీసుకుని చూసుకోండి. అద్దం వద్దు, అద్దంలో చూస్తున్నంతసేపూ మీ దృష్టి మీ మీదే ఉంటుంది. రోజూ పది నిమిషాలు ఇది చేయకుండా కొత్త మాటలు పోగేయకండి.

6. నోరు మూసి వాక్యాలు కట్టండి

ఇండియన్ సైన్ లాంగ్వేజ్‌లో క్రియ చివరికొస్తుంది, ప్రశ్న మాట కూడా చివరికే. "నీ పేరు ఏంటి" అన్న వరసే అనుకోండి, తెలుగువాళ్లకి సగం పని తప్పింది. అయినా ఇంగ్లీషు వరసలో చేతులు తిప్పేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. గొంతు ఆపేయండి, చేతులు తేలికవుతాయి. మీ ముందున్న ఖాళీని కూడా వాడుకోండి. అన్నయ్యని కుడివైపు, చెల్లిని ఎడమవైపు పెట్టుకున్నాక ఇక పేర్లు అక్కర్లేదు, ఆ వైపు చూపిస్తే చాలు.

7. ఇప్పుడు అక్షరాలు

పేర్లకీ, ఊళ్లకీ, సైన్ తెలియని మాటలకీ మాత్రమే. చెయ్యి ఒకచోటే ఉండాలి, అక్షరానికో గెంతు గెంతకూడదు. చూసేటప్పుడు ఒక్కో అక్షరం ఏరకుండా మొత్తం మాటగా పట్టండి.

8. మనుషుల్లోకి వెళ్లండి

పిలవాలంటే భుజం మీద మెల్లగా తట్టండి, దూరంగా ఉంటే చెయ్యి ఊపండి. ఇద్దరు మాట్లాడుకుంటుంటే మధ్యలోంచి చకచకా దాటిపోవచ్చు, ఆగి క్షమాపణలు చెబుతూ నిలబడితేనే అడ్డం. సైన్ పేరు, అంటే అక్షరాలు పేర్చకుండా మిమ్మల్ని చెప్పే ఒక్క సైన్, మీకు మీరే పెట్టుకోకండి, బధిరులు ఇస్తారు, ఇచ్చేదాకా అక్షరాలతోనే చెప్పుకోండి. అర్థం కాకపోతే మాత్రం అయినట్టు తల ఊపకండి. "మళ్లీ చెప్పండి", "నెమ్మదిగా", "దీనికి సైన్ ఏంటి", ఈ మూడూ బయటికి వెళ్లేముందే టీచర్ని అడిగి నేర్చేసుకుని ఉండాలి, కనుబొమ్మలతో సహా.