కారు ఎయిర్ ఫిల్టర్ మనమే మార్చుకుందాం

ఇంజిన్ చల్లారాక బానెట్ ఎత్తండి. లావుపాటి గాలి గొట్టం వెంట చూస్తే నల్లటి ప్లాస్టిక్ డబ్బా కనిపిస్తుంది. ఫిల్టర్ అందులోనే ఉంటుంది. డబ్బా మూతకు క్లిప్పులైతే వేలితో ఊడతాయి, కొన్నింటికి స్క్రూలుంటాయి. పాతది ఏ వైపు పైకి ఉందో ఫొటో తీసుకోండి.

నాకు ఎక్కువ సమయం పట్టేది డబ్బా తుడవడానికే. మూలల్లో ఎండుటాకులు, చచ్చిన పురుగులు, సన్నటి ఇసుక పేరుకుంటాయి. తడిగుడ్డతో తుడవండి, ఊదొద్దు. ఊదితే ఆ దుమ్ము ఇంజిన్ వైపు గొట్టంలోకి పోతుంది. అక్కడ ఎయిర్‌ఫ్లో సెన్సర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని కొలిచేది) ఉంటే అస్సలు ముట్టుకోవద్దు, చాలా సున్నితం.

కొత్త ఫిల్టర్ రబ్బరు అంచు గాడిలో చుట్టూ కూర్చుందో లేదో తడిమి చూడండి. మూత పడకపోతే నొక్కేయకండి, అంచు ఎక్కడో మడతపడి ఉంటుంది.

పాత పేపర్ ఫిల్టర్ దులిపి మళ్లీ పెట్టడానికి నేను ఒప్పుకోను. మడతల్లో దిగిన దుమ్ము దులిపితే పోదు.