ఇంగ్లండ్ పల్లెల్లో వంశచరిత్ర: జనన, వివాహ, మరణ పత్రాలకు దరఖాస్తు విధానం

ఇంగ్లండ్, వేల్స్‌లలో జనన, వివాహ, మరణాల ప్రభుత్వ నమోదు 1837 జూలై 1న మొదలైంది. అంతకు ముందు కాలానికి ప్రధాన ఆధారం ఊరి చర్చి రిజిస్టరు. ఆ పద్ధతి 1538లో రాజు ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞతో ఆరంభమైంది. కాబట్టి ఒక పల్లెకు చెందిన కుటుంబం గురించి తెలుసుకోదలచినవారు, తమకు కావలసిన సంఘటన 1837కు ముందుదా తర్వాతిదా అన్నది మొదట తేల్చుకోవాలి. తర్వాతిదైతే ఈ ప్రభుత్వ నమోదులను ఉంచే జనరల్ రిజిస్టర్ ఆఫీసుకు దరఖాస్తు చేసుకోవాలి, ముందుదైతే ఆ కౌంటీ (మన జిల్లా వంటి ప్రాంతం) పాత పత్రాలను భద్రపరిచే రికార్డు కార్యాలయాన్ని సంప్రదించాలి. గోదావరి జిల్లాలవారు నేటికీ తలచుకునే సర్ ఆర్థర్ కాటన్ ఇందుకు మంచి ఉదాహరణ: ఆయన 1803లో జన్మించారు కనుక ఆయనకు ప్రభుత్వ జనన ధ్రువపత్రం ఉండదు, బాప్తిస్మ నమోదును వెతకాలి, 1899 జూలైలో సర్రే కౌంటీలోని డోర్కింగ్‌లో మరణించారు కనుక మరణ ధ్రువపత్రానికి మాత్రం దరఖాస్తు చేసుకోవచ్చు.

దరఖాస్తుదారుకు ఆ కుటుంబంతో బంధుత్వం ఉండనక్కరలేదు, బ్రిటన్‌లో నివసించవలసిన పనీ లేదు. ఈమెయిల్‌తో జనరల్ రిజిస్టర్ ఆఫీసు వెబ్‌సైట్‌లో ఖాతా తెరిస్తే జనన, మరణాల సూచీని ఉచితంగా వెతుక్కోవచ్చు. డబ్బు కట్టే ముందు చేయవలసిన అసలు పని ఈ వెతుకులాటే. ఇందులో శ్రద్ధ పెట్టనివారు అదే పేరుగల మరొకరి పత్రాన్ని కొనుక్కునే ప్రమాదం ఉంది. పల్లెల్లో రెండు మూడు ఇంటిపేర్లే తరతరాలుగా కొనసాగుతాయి, తాత పేరు మనవడికి పెట్టడం అక్కడా ఉంది.

సూచీలో ఊరి పేరు కనిపించదు, రిజిస్ట్రేషన్ జిల్లా పేరు మాత్రమే ఉంటుంది. ఉదాహరణకు డెర్బీషైర్‌లోని ఈమ్ గ్రామంలో జరిగిన జననాన్ని బేక్‌వెల్ జిల్లా కింద వెతకాలి. ఫారంలో ఇంటిపేరు, స్త్రీయా పురుషుడా అన్న వివరం, సంవత్సరం తప్పనిసరిగా నింపాలి. సంవత్సరానికి ముందూ వెనుకా గరిష్ఠంగా రెండేళ్ల వరకు మాత్రమే విస్తరించుకునే వీలుంది, కాబట్టి పదేళ్ల వ్యవధిని చూడాలంటే సంవత్సరం మారుస్తూ మళ్లీ మళ్లీ వెతకక తప్పదు. ఫలితంలో బిడ్డ పేరు, తల్లి పుట్టింటి ఇంటిపేరు, జిల్లా, సంవత్సరం, త్రైమాసికం, సంపుటం, పుట సంఖ్య వస్తాయి. మార్చి, జూన్, సెప్టెంబరు, డిసెంబరు అనే త్రైమాసికాలు నమోదైన తేదీని సూచిస్తాయి గాని పుట్టిన తేదీని కాదు. జననాన్ని నమోదు చేయడానికి 42 రోజుల గడువు ఉన్నందున ఫిబ్రవరి చివర పుట్టిన బిడ్డ జూన్ త్రైమాసికంలో కనిపించడం మామూలే.

ఈ సూచీలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది తల్లి పుట్టింటి పేరు. పాత అచ్చు సూచీల్లో ఆ వివరం 1911 సెప్టెంబరు త్రైమాసికం నుంచి మాత్రమే ఉండేది, ఇప్పుడు 1837 నుంచే దొరుకుతోంది. బిడ్డ పేరు గడిని ఖాళీగా వదిలి, తండ్రి ఇంటిపేరు, తల్లి పుట్టింటి పేరు, జిల్లా ఇచ్చి, స్త్రీ పురుష వివరాన్నీ సంవత్సరాన్నీ మారుస్తూ వెతికితే ఆ దంపతుల సంతానమంతా బయటపడుతుంది. పదేళ్లకోసారి జరిగే రెండు జనాభా లెక్కల నడుమ పుట్టి, ఆ నడుమే కన్నుమూసిన పసిబిడ్డల పేర్లు ఇలాగే తెలుస్తాయి. జనాభా లెక్కల్లో వారి జాడే ఉండదు. తల్లి పేరు గడిలో చిన్న గీత మాత్రమే ఉంటే, సాధారణంగా ఆమెకు అప్పటికి వివాహం కాలేదని అర్థం. తొలి దశాబ్దాల్లో కొన్ని జననాలు అసలు నమోదే కాలేదు. నమోదు చేయించని తల్లిదండ్రులకు శిక్ష పడే నిబంధన 1874 చట్టంతో గాని రాలేదు.

సరైన నమోదు దొరికాక ఏ రూపంలో కావాలో ఎంచుకోవాలి. 2024 ఏప్రిల్‌లో సవరించిన రుసుముల ప్రకారం ధ్రువీకరించిన సర్టిఫికెట్‌కు 12.50 పౌండ్లు, పీడీఎఫ్‌కు 8 పౌండ్లు, డిజిటల్ చిత్రానికి 3 పౌండ్లు. చివరి రెండింటికీ చట్టపరమైన విలువ లేదు, పాస్‌పోర్టుకో వారసత్వ దావాకో అవి చెల్లవు. వంశవృక్షం రాసుకునేవారికి మాత్రం డిజిటల్ చిత్రం చక్కగా సరిపోతుంది, అది దొరికేచోట సర్టిఫికెట్ కొనడం అనవసరమని నా అభిప్రాయం. జననాలకు 1837 నుంచి సుమారు వందేళ్ల కిందటి వరకు, మరణాలకు 1837 నుంచి 1887 వరకు ఈ చిత్రాలు లభిస్తాయి. కాటన్ దొర మరణం 1899 నాటిది కనుక ఆ మూడు పౌండ్ల వెసులుబాటు దానికి వర్తించదు.

వివాహాలకు సర్టిఫికెట్ ఒక్కటే మార్గం. అయితే కార్యాలయం పంపేది స్థానిక రిజిస్టరు నుంచి ఎత్తిరాసిన ప్రతి ఆధారంగా తయారైన పత్రం. వధూవరులు స్వహస్తాలతో చేసిన సంతకాలు, చదువురానివారు పెట్టిన ఇంటు గుర్తులు, పక్కన సాక్షుల పేర్లు ఉండేది చర్చి రిజిస్టరులో. కనుక చర్చిలో జరిగిన పెళ్లి విషయంలో మొదట ఆ రిజిస్టరును చూడటం మేలు.

1978 నాటి చర్చి నిబంధన ప్రకారం వందేళ్లు దాటిన రిజిస్టర్లను పారిష్‌లు (ఒక్కో చర్చి కింద ఉండే ఊరి పరిధులు) సాధారణంగా రికార్డు కార్యాలయానికి అప్పగించాలి. డెర్బీషైర్ కార్యాలయం మ్యాట్‌లాక్‌లో ఉంది. వెళ్లే ముందు సీటు రిజర్వు చేసుకుని, ఫోటో ఉన్న గుర్తింపు పత్రం, చిరునామా రుజువు తీసుకెళ్లాలి. పఠన మందిరంలోకి పెన్ను అనుమతించరు, పెన్సిలే వాడాలి. 1813 నుంచి బాప్తిస్మ నమోదులు అచ్చు ఫారాల్లో ఉంటాయి: తల్లిదండ్రుల పేర్లు, నివాసం, తండ్రి వృత్తి తెలుస్తాయి. అంతకు ముందువి పాదిరి ఓపికను బట్టి ఒక్క వాక్యంతో సరిపెట్టవచ్చు. 1752కు ముందు చర్చి సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ప్లేగు కాలపు ఈమ్ నమోదుల్లో 1665 ఫిబ్రవరి అని ఉంటే దాన్ని మన లెక్కలో 1666 ఫిబ్రవరిగా చదువుకోవాలి. ఇది గమనించకపోతే బిడ్డ బాప్తిస్మం తల్లిదండ్రుల పెళ్లికి ముందే జరిగినట్లు కనిపించవచ్చు. రిజిస్టరు చినిగినా, పోయినా బిషప్‌కు ఏటా పంపిన నకళ్లను అడగాలి. డెర్బీషైర్ 1884 వరకు లిచ్‌ఫీల్డ్ బిషప్ పరిధిలో ఉండేది కనుక ఆనాటి నకళ్లు స్టాఫర్డ్‌లోని రికార్డు కార్యాలయంలో ఉన్నాయి.

ఊరి చరిత్ర కావలసినవారు అదే మందిరంలో టైద్ మ్యాప్ (పంటలో చర్చికి చెల్లించే దశమ భాగాన్ని లెక్కించడానికి గీసిన పటం) కూడా అడగవచ్చు. 1836 చట్టం కింద తయారైన ఈ పటంలో ప్రతి పొలానికీ అంకె, దానికి జతగా ఉన్న పట్టికలో యజమాని, సాగుదారు, పొలం పేరు, విస్తీర్ణం ఉంటాయి. నిరుపేదలు ఏ ఊరి బాధ్యత అని తేల్చడానికి 1662 చట్టం కింద తీసుకున్న వాంగ్మూలాలు, సహాయ నిధి లెక్కలు మిగిలి ఉంటే కూలివారి బతుకు కూడా తెలుస్తుంది.

కుటుంబంలో ఒకరి జాడ ఉన్నట్టుండి పారిష్‌లో తెగిపోతే, వారు ఈస్టిండియా కంపెనీ కొలువుకు వెళ్లారేమో చూడాలి. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల నుంచి లండన్‌కు పంపిన బాప్తిస్మ, వివాహ, సమాధి నమోదుల నకళ్లు బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు రికార్డుల్లో ఎన్/2 శ్రేణిలో ఉన్నాయి. విశాఖపట్నం, మచిలీపట్నం పేర్లు ఆ శ్రేణిలోనే వెతకాలి.