ఒక్క ‘ర’, మూడు గ్రాఫిటీ పోకడలు

‘ర’ అంటే ఒక గుండ్రం, పైన తలకట్టు, అంతే. ముందు పెన్సిల్‌తో లేతగా రాసుకోండి.

ట్యాగ్‌కి, అంటే సంతకంలా చకచకా గీసే పోకడకి, మార్కర్‌తో ఒకే ఊపు. మణికట్టు కాదు, భుజం కదలాలి.

బబుల్‌కి, అంటే బుడగలా ఉబ్బిన అక్షరానికి, ఆ పెన్సిల్ గీత చుట్టూ వేలెడు దూరంలో, మూలల్లేకుండా ఇడ్లీలా ఉబ్బించి గీసి, లోపలి గీత చెరిపేయండి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే: గుండ్రం ఉబ్బి తలకట్టును మింగేస్తుంది. అప్పుడది ‘ర’ కాదు, సున్నా! తలకట్టును కాస్త పైకి జరపండి. లోపలి ఖాళీ చుక్కంత మిగిలితే చాలు.

బ్లాక్‌కి, అంటే మూలలు తేలిన దిమ్మలాంటి అక్షరానికి, గుండ్రాన్ని స్కేలుతో ఎనిమిది పలకలు చేయండి. నీడ అన్ని అంచులకూ ఒకే వైపు పడాలి.

గోడ మీదైతే, ఇంటివాళ్లని అడిగాకే, స్ప్రే డబ్బా నిమిషం పైగా ఊపి 10-15 సెం.మీ. దూరంలో పట్టండి. చెయ్యి ఆగిందా, రంగు కారుతుంది. సున్నం గోడకి ముందు ప్రైమర్ (రంగు పట్టేందుకు వేసే అడుగు పూత) వేయకపోతే పెచ్చులూడుతుంది. తిరుపతి మే ఎండలో డబ్బా వదిలేయొద్దు, వేడికి పేలొచ్చు.